ఎలుక మీద కోపం



ఈవేళ నేను మాట్లాడబోయే విషయం ఏమిటో తెలిస్తే మీలో కొందరు ముక్కు చిట్లిస్తారేమో! ఎలుకల గురించి. "ఎలుకల సంగతి మాకు తెలీదా, దానికో ప్రసంగమా?" అనుకోకండి. నేను చెప్పబోయేది వంటింటి ఎలుక గురించి కాదు. ఊళ్ళో మన పొలం షెడ్డులో, పశువుల పాకలో, గడ్డివాము కింద, పట్నంలో మన కారూ స్కూటరూ నిలబెట్టే చోట చేరే ఎలుకల గురించి. అవన్నీ మగవాళ్ళ చోట్లు, అక్కడ మనకేం పని అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఒక సంక్రాంతి పండక్కి ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

మా అత్తవారి ఊరు పశ్చిమ గోదావరి జిల్లాలో. ఆ ఏడు భోగి ముందురోజు సాయంత్రానికి అందరం కారులో ఊరు చేరాం. వాకిట్లో ముగ్గులు పెట్టుకోవాలి, పిల్లలు ఆడుకోవాలి, కారు అడ్డమెందుకని పెరటి వెనకాల ట్రాక్టరు షెడ్డులో పెట్టించాం. అందులో ఒక పక్క కొత్త ధాన్యం బస్తాలు, ఇంకో పక్క తవుడు గోనెలు. షెడ్డు గోడకు ఆనుకునే గడ్డివాము. చక్కగా నీడపట్టున ఉంది కదా బండి, అనుకున్నాం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మేమూ కదల్లేదు. ముక్కనుమ నాడు పొద్దున్నే బయల్దేరదామని మావారు తాళం తిప్పితే బండి కిక్కురుమనలేదు!

మెకానిక్కు వచ్చి బానెట్ ఎత్తాడు. ఇంకేముంది, లోపల చిన్న కాపురమే ఉంది. బ్యాటరీ మీద ఎండుగడ్డి, పీచు, గోనె పీలికలు పేర్చి గూడు. పక్కన సగం కొరికిన కొబ్బరిముక్క. అదెక్కడిదో నాకు వెంటనే తెలిసింది. దారిలో గుళ్ళో ఆగి కొట్టిన కొబ్బరికాయ చిప్ప, వెనక సీటు మీద సంచీలో నేనే మరిచిపోయాను. నాలుగైదు తీగలు రాగి కనిపించేదాకా కొరికేశాయి. వినాయకుడికి ఎలుక వాహనమైంది గాని, మన వాహనానికి ఎలుక విఘ్నమే సుమండీ! తీగలు మార్చడానికి ఒక రోజంతా పట్టింది. ఆరువేల పైచిలుకు ఖర్చయింది. పిల్లల బడి పోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళో కొట్టుకెళ్ళి ఎలుకల మందు పేస్టు కొనుక్కొచ్చాను. కనుమనాటి గారెలు మిగిలి ఉన్నాయి. వాటిని తుంపి, మందు రాసి, చీకటి పడుతుండగా బస్తాల సందుల్లోనూ కారు చక్రాల దగ్గరా పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. రేపు పొద్దున్నకి ఎన్ని చస్తాయో చూద్దామని సంతోషంగా పడుకున్నాను కూడా.

తెల్లవారి అత్తయ్యగారు గేదెకి తవుడు తీయడానికి షెడ్డులోకి వెళ్ళారు. అక్కడ మా పాలికాపు మనవరాలు, నాలుగేళ్ళ పిల్ల, గొంతుక్కూచుని ఉంది. దాని చేతిలో గారెముక్క. నోటిదాకా వెళ్ళింది. అత్తయ్యగారు ఒక్క ఉదుటున వెళ్ళి లాగేసి, పిల్ల నోరు తెరిపించి చూశారు. దేవుడి దయవల్ల ఇంకా కొరకలేదు. సబ్బుతో చేతులూ మూతీ రెండుసార్లు కడిగించి, అప్పుడు నన్ను పిలిచారు. "అమ్మాయ్, ఇది నీ పనేనా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. "ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటామా తల్లీ?" అన్నారంతే. ఆవిడ తిట్టినా బాగుండేది అనిపించింది.

ఆ పేస్టు గురించి తర్వాత తెలుసుకున్నవి మీకు చెప్తాను, గుర్తుంచుకోండి. అందులో ఉండేది పచ్చ భాస్వరం. చూడ్డానికి పళ్ళపొడి పేస్టులా ఉంటుంది, పిల్లలు దాంతో పళ్ళు తోముకున్న ఉదంతాలున్నాయి. తిన్నవాళ్ళకి మొదట వాంతులవుతాయి. తరవాత ఒకటి రెండు రోజులు తేరుకున్నట్టే కనిపిస్తారు. "గండం గడిచింది" అని ఇంటికి తెచ్చేసుకుంటారు. కాని లోపల లివరు పాడవుతూ ఉంటుంది, అప్పుడు చెయ్యగలిగేది చాలా తక్కువ. ఆ విషానికి విరుగుడు మందు లేదు. అంచేత ఎవరైనా పొరపాటున నోట్లో పెట్టుకున్నారని అనుమానం వచ్చినా సరే, బాగానే ఉన్నారు కదా అని ఊరుకోకండి. పాలు, నెయ్యి, నూనె పట్టించకండి, కొవ్వు పదార్థాలతో ఆ విషం ఒంట్లోకి మరింత తేలిగ్గా ఎక్కుతుంది. వేలు పెట్టి కక్కించకండి. 108కి ఫోను చేసి, మందు డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. డబ్బా చూస్తేగాని ఏ విషమో డాక్టరుకి తెలియదు, ఒక్కో మందుకి వైద్యం ఒక్కో రకం.

ధాన్యం గదుల్లో పురుగులకీ ఎలుకలకీ పెట్టే బిళ్ళలు కొందరు తెలిసినవాళ్ళ దగ్గర సంపాదించి ఇంట్లోనో కారులోనో పెడుతుంటారు. ఆ పని అసలు చెయ్యకండి. గాలిలో తేమ తగిలి అందులోంచి విషవాయువు వస్తుంది. పక్కగదిలో పడుకున్నవాళ్ళని నిద్రలోనే తీసుకుపోగలదు. అవి శిక్షణ పొందినవాళ్ళు వాడవలసినవి, మనం తాకవలసినవి కావు.

మరి ఎలుకల్ని ఏం చెయ్యాలి? ఆవేళ మధ్యాహ్నం అత్తయ్యగారు చీర కొంగు బిగించి, నన్నూ మా మరిదినీ షెడ్డులోకి తీసుకెళ్ళారు. "ఎలుకని చంపడం ఒక్కరోజు పని. రాకుండా చూసుకోవడం రోజూ పని. రోజూ పని మనకి అలవాటేగా!" అన్నారు. నేను ఈనాటి ప్రసంగంలో చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఎలుకకి కావలసినవి మూడు. తిండి, చాటు, దారి. కోతలయ్యేదాకా పొలంలో దానికి ఈ మూడూ ఉంటాయి. కోతలయ్యాక చేను బోడిదైపోతుంది. ధాన్యమూ గడ్డీ మనతోపాటే ఇంటికొస్తాయి, వాటి వెనకే ఎలుకలూ పందికొక్కులూ వస్తాయి. అంచేత సంక్రాంతి రోజుల్లో షెడ్డు వాటికి సత్రమన్నమాట. ఒక ఎలుక రోజుకి తినేది పాతిక ముప్పై గ్రాములే కావచ్చు. కాని దాని మూత్రంతో, పెంటికలతో, వెంట్రుకలతో పాడుచేసేది అంతకంటే ఎక్కువ. పైగా ఆడ ఎలుక మూడు వారాలు మోసి ఆరేడు పిల్లల్ని పెడుతుంది, ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో మళ్ళీ పిల్లల తల్లులవుతాయి. పది ఎలుకల్ని చంపి, తిండీ చాటూ అలాగే ఉంచితే, ఇంకో పదింటికి చోటు ఖాళీ చేసినట్టే.

ముందు తిండి సంగతి. తవుడు, చెక్క, దాణా గోనెల్లో ఉంచకుండా మూత బిగువుగా ఉండే ఇనప డ్రమ్ముల్లోకి మార్చాం. ప్లాస్టిక్కు డబ్బా అయితే కొరికేస్తాయి. ఎలుక ముందు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీసుకోవడానికి ఏదో ఒకటి కొరకక తప్పదు. ధాన్యం బస్తాలు నేలమీద కాక చెక్కల మీద పేర్చి, గోడకి రెండడుగులు ఎడంగా జరిపాం. ఆ సందులోంచి మనిషి నడిచి ఊడ్చుకోవచ్చు, ఎలుక దాక్కోలేదు. కుడితి తొట్టి చుట్టూ చిందినది సాయంత్రమే కడిగేయడం మొదలుపెట్టాం.

తరవాత చాటు. పాత టైర్లు, విరిగిన నాగలి, చిరిగిన గోనెలు, ఎప్పుడో పనికొస్తాయని దాచిన చెక్కముక్కలు, అన్నీ బయటపడ్డాయి. షెడ్డు చుట్టూ మూడడుగుల మేర గడ్డీ పిచ్చిమొక్కలూ చెక్కించి నేల శుభ్రంగా ఉంచాం. ఎలుకకి వెల్లడిలో నడవడమంటే భయం, గోడవారనే పోతుంది. షెడ్డు కప్పుమీదికి వాలిన కొమ్మలు కొట్టించాం. గడ్డివామును వచ్చే ఏడాదికి దూరంగా వేయించాలని ఒప్పందం చేసుకున్నాం.

ఇక దారి. చిట్టెలుక దూరడానికి పెన్సిలు పట్టేంత కన్నం చాలు. అంచేత తలుపు కింద సందుకి రేకు కొట్టించాం. కిటికీలకి పావు అంగుళం కన్నాల ఇనప వల వేయించాం. గోడలో బొరియల్ని గాజుపెంకులు కలిపిన సిమెంటుతో మూయించాం. దూలాల మీదికి ఎక్కకుండా స్తంభాల చుట్టూ నున్నటి రేకు చుట్టించాం, దానిమీద కాలు నిలవదు.

ఏ బొరియలో ఎలుక ఉందో ఎలా తెలుస్తుంది? సాయంత్రం అన్ని బొరియలూ మట్టితో మూసెయ్యాలి. పొద్దున్న వేటి మట్టి తోసి ఉంటే అవే కాపురమున్న బొరియలు. షెడ్డులోపల అయితే అత్తయ్యగారు ఇంకో చిట్కా చేశారు. రాత్రి పడుకోబోయే ముందు గోడల వెంబడి ముగ్గుపిండి పలచగా చల్లారు. తెల్లారి చూస్తే చిన్న చిన్న పాదాల గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత. ఎటునుంచి ఎటు వెళ్తున్నాయో పటం గీసినట్టు కనిపించింది. మనం వాకిట్లో వేసే ముగ్గు ఇలా కూడా పనికొస్తుందని నాకప్పటిదాకా తెలీదు!

ఆ దారిలోనే బోను పెట్టాలి, గోడకి ఆనించి. ఎలుక మహా అనుమానపు జీవి. కొత్త వస్తువు కనిపిస్తే దగ్గరికి రాదు, కొత్త తిండి కాస్తే రుచి చూసి ఆగుతుంది. ఎందుకంటే దానికి వాంతి చేసుకునే శక్తి లేదు, తిన్నది కక్కలేదు. కాబట్టి రెండు మూడు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టేసి, లోపల కాల్చిన కొబ్బరిముక్కో, ఎండుచేప ముక్కో, వేరుశనగపప్పో పెట్టి అలవాటు చెయ్యండి. తరవాత తలుపు సరిచెయ్యండి. మొదటి రాత్రే పడలేదని బోను అటకెక్కించేవాళ్ళే మనలో ఎక్కువ. జిగురు అట్టలు మాత్రం వద్దు. దానిమీద అతుక్కుని గంటల తరబడి గిలగిలలాడే ప్రాణిని చూస్తే మనకే అన్నం సహించదు. బల్లులూ పిట్టలూ కూడా వాటికే బలవుతాయి.

పొలాల్లో ఎలుకలు మరీ ఎక్కువైతే మందు పెట్టక తప్పదు, కాదనను. కాని అది పద్ధతిగా జరగాలి. మా జిల్లాలోని మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో ఎలుకల నివారణ మీద శాస్త్రవేత్తలు చాలాకాలంగా పనిచేస్తున్నారు. వ్యవసాయ శాఖవారు కూడా ఊరి రైతులందరి చేతా ఒకేసారి సామూహికంగా మందు పెట్టిస్తుంటారు. నూకల్లో నూనె, మందు కలిపి పొట్లాలు కట్టి, ఎలుక ఉన్న బొరియ లోపల వేసి పైన మూస్తారు. పైకి కనబడేలా పెట్టరు. ఒక్క రైతే తన చేలో పెడితే లాభం లేదు, పక్క చేలోవి నాలుగు రోజుల్లో వచ్చి చేరతాయి. గోదావరి జిల్లాల్లో ఎలుక బుట్టలు పెట్టేవాళ్ళున్నారు, నెల్లూరు వైపు యానాదులు బొరియల్లోకి పొగపెట్టి పట్టడంలో సిద్ధహస్తులు. విషం లేకుండా జరిగే పని అది. తెలిసినవాళ్ళ చేత చేయించుకుంటే మనకీ మేలు, వాళ్ళకీ కూలి.

ఇంకో మాట. ఎలుకల్ని తినే జీవులు మనకి చుట్టాలే. గుడ్లగూబ అరిస్తే కీడని తరిమేస్తాం. కాని పిల్లలున్న గుడ్లగూబల జంట రాత్రికి ఎన్నో ఎలుకల్ని పట్టుకుపోతుంది. జెర్రిపోతుకి విషం లేదు, దాని ముఖ్య ఆహారం ఎలుకలే. విషం తిన్న ఎలుకని తిని పిల్లులూ గుడ్లగూబలూ కూడా చచ్చిపోవచ్చు. ఇక షెడ్డులో ఎలుకలు పెరిగితే వాటికోసం త్రాచూ రక్తపింజరీ కూడా వస్తాయి. తెల్లవారుజామున పాలు తీయడానికి, గడ్డి లాగడానికి చెయ్యి పెట్టేది ఎవరండీ? ఎక్కువగా ఆడవాళ్ళే. కనక ఎలుకల నివారణ అంటే ధాన్యం కాపాడుకోవడమే కాదు, పాముకాటు తప్పించుకోవడం కూడా. చీకట్లో టార్చిలైటు లేకుండా గడ్డివాములో చెయ్యి పెట్టకండి.

ఇప్పుడు పట్నంలో మన బండి సంగతి. ఇంజను ఆపాక చాలాసేపు వెచ్చగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది, పైన కప్పు ఉంటుంది. ఎలుకకి అంతకంటే ఏం కావాలి? అంచేత బండి దిగేటప్పుడు బిస్కట్ పొట్లాలు, ప్రసాదం, పూలు, పాలపిండి డబ్బా ఏవీ లోపల వదలకండి. ఇది మన చేతిలో పనే. చెత్తకుండీ పక్కన, పాత సామాన్ల మధ్య బండి నిలపకండి. ఊరెళ్ళినప్పుడు రెండు రోజులకొకసారి ఎవరైనా స్టార్టు చేసి కాస్త కదిపేలా ఏర్పాటు చేసుకోండి. షెడ్డులో ఉంచవలసి వస్తే రాత్రి బానెట్ ఎత్తి ఉంచితే ఆ చాటు పోతుంది. చాలా రోజుల తర్వాత తీసేటప్పుడు ముందు బానెట్ తీసి చూడండి. గూడు కనిపిస్తే, తీగ కొరికి ఉంటే, పదే పదే తాళం తిప్పకండి. రాగితీగలు ఒకదానికొకటి తగిలి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. మెకానిక్కుని పిలవండి. గాలి లోపలికి పోయే చోట ఇనప వల బిగించమని అడగండి. ట్రాక్టరు ఉన్నవాళ్ళు పొగగొట్టం మూతికి ఖాళీ డబ్బా బోర్లించి ఉంచండి, స్టార్టు చేసే ముందు తీయడం మరవకండి.

పొగాకు కాడలు, కలరా ఉండలు, ఫినాయిలు పెడితే రావంటారు. వాసన ఉన్న నాలుగు రోజులూ కాస్త జంకుతాయేమో గాని, ఇంజను వేడికి వాసన పోగానే మళ్ళీ వస్తాయి. కలరా ఉండలు మూసిన కారులో ఉంచితే ఆ గాలి పీల్చే పిల్లలకి మంచిది కాదు. శబ్దం చేసే యంత్రాలకి కూడా కొన్నాళ్ళకి ఎలుకలు అలవాటు పడిపోతాయి. అపార్టుమెంటు సెల్లారులో ఒక్కరే జాగ్రత్త పడితే చాలదు. పొలంలో లాగే ఇక్కడా అందరూ కలవాలి. చెత్త ఎక్కడ వేస్తున్నాం, కాలవ మూతలకి జల్లెడ ఉందా, విరిగిన సామాను ఎవరిది, అని నెలకోసారి మనం నలుగురం కలిసి ఒక చుట్టు తిరిగి చూస్తే సగం బెడద తగ్గుతుంది.

చివరగా శుభ్రం చేసే పద్ధతి. ఎలుక పెంటికల్ని పొడి చీపురుతో ఊడవకండి, దుమ్ము ముక్కులోకి పోతుంది. బ్లీచింగు కలిపిన నీళ్ళు చల్లి, పది నిమిషాలాగి, చేతికి తొడుగులు వేసుకుని గుడ్డతో తీయండి. చచ్చిన ఎలుకని చేత్తో పట్టకుండా తీసి లోతుగా పాతిపెట్టండి. ఎలుక మూత్రం కలిసిన తడిలో, కాలి పగుళ్ళతోనో పుండ్లతోనో నడిస్తే ఎలుకజ్వరం రావచ్చు, వానాకాలంలో మరీ ఎక్కువ. పశువుల పాక పనికి చెప్పులో బూట్లో ఉండాలి. తీవ్రమైన జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళెర్రబడటం కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళి, షెడ్డులో పని చేశామని తప్పకుండా చెప్పండి.

మరుసటి సంక్రాంతికి మళ్ళీ ఊరు వెళ్ళాం. కారు ఈసారి బావి దగ్గర వెల్లడిలో ఉంది, లోపల పల్లీగింజ కూడా లేదు. భోగినాటి రాత్రి అత్తయ్యగారు షెడ్డులో ముగ్గుపిండి చల్లారు. తెల్లారి చూస్తే గుర్తులు పూర్తిగా పోలేదు, ఒక మూల ఒక్క వరస మాత్రం ఉంది. "అదిగో, ఆ మూల ఇంకా పని మిగిలింది" అన్నారావిడ. ఆ పాలికాపు మనవరాలు, అయిదేళ్ళది ఇప్పుడు, మిగిలిన పిండితో గుమ్మం ముందు వంకర ముగ్గు ఒకటి వేస్తోంది. కనుమ నాడు దానికి నా చేత్తో వేడి గారె పెట్టాను. అది తింటుంటే నేను చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను.

మీ ఇంట్లో కూడా అలమరలోనో, అటక మీదో, షెడ్డు మూలనో ఆ పేస్టు డబ్బా ఉందేమో, ఈవేళే వెతికి చూడండి. పిల్లల చేతికి అందేలా ఉంటే ముందు దాని సంగతి చూడండి. ఎలుకల సంగతి తరవాత.